ఆఖరి రీల్లో మారని మనిషి

మన సినిమాల్లో విలన్ మారడానికి ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా చేతిగడియారం చూసుకుంటూ లెక్కపెట్టారా? నేను పెట్టాను. హీరో తల్లి కాళ్ళమీద పడిన దగ్గర్నుంచి పోలీసు జీపు ఎక్కేదాకా నాలుగు నిమిషాలు! అందులో ఏడుపు రెండు నిమిషాలు. పదిహేను రీళ్ళపాటు ఊరిని పీక్కుతిన్నవాడు పదహారో రీల్లో క్షమించమనగానే మనం లేచి చెప్పులు వెతుక్కుంటాం. శుభం కార్డు పడిపోతుంది. మారినవాడు మర్నాడు పొద్దున్నే లేచి ఏం చేశాడో ఏ దర్శకుడూ చూపించడు. చూపిస్తే మనం చూడం కూడా.

ఒక్క కథ మాత్రం వేరు. 1950లో నాగయ్యగారు నటించిన 'బీదలపాట్లు' పేరు మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చెప్పే ఉంటారు. విక్టర్ హ్యూగో 1862లో రాసిన ఫ్రెంచి నవల 'లే మిజరాబ్' దానికి మూలం. ఆ నవలలో, పంతొమ్మిదేళ్ళు జైల్లో మగ్గి బయటికొచ్చిన ఒకడు, తనకు అన్నంపెట్టిన బిషప్పు ఇంట్లోనే వెండి సామాను కాజేస్తాడు. పోలీసులు పట్టుకొస్తే, ఆ వెండి తానే ఇచ్చానని చెప్పి బిషప్పు అతన్ని విడిపిస్తాడు. దొంగ మారిపోతాడు. మన లెక్క ప్రకారం అక్కడ శుభం. హ్యూగో మాత్రం కథని అక్కడ మొదలుపెట్టాడు. ఎనిమిదేళ్ళ తర్వాత, ఆ మనిషి పేరు మార్చుకుని ఊళ్ళో పెద్దమనిషిగా బతుకుతున్నప్పుడు, ఇంకెవడో అమాయకుణ్ణి అతనే అనుకుని కోర్టులో నిలబెడతారు. నోరు మూసుకుంటే చాలు. వాడు జైలుకి పోతాడు, ఇతను హాయిగా ఉంటాడు. నోరు విప్పాలా, మూసుకోవాలా?

ఆ ప్రశ్న మా ఇంట్లో పన్నెండేళ్ళు తిష్ఠవేసుకుని కూర్చుంది. ఆ సంగతి చెబుదామనే ఇది రాస్తున్నాను.

కేబిన్‌లో మా నాన్న

మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో సినిమాహాలు ఆపరేటరు. నేను పుట్టింది 1988లో. నాకు ఊహ తెలిసేనాటికి మా హాల్లో ఇంకా కార్బన్ కడ్డీల మిషన్లే ఉండేవి. మీలో చాలామంది వాటిని చూసి ఉండరు. రెండు కార్బన్ కడ్డీలను ఎదురెదురుగా పెట్టి కరెంటు పంపిస్తే మధ్య సందులో కళ్ళు చెదిరే వెలుగు పుడుతుంది. ఆ వెలుగే తెరమీద బొమ్మ. కడ్డీ కాలినకొద్దీ సందు పెరిగిపోతుంది. పెరిగితే బొమ్మ ఆరిపోతుంది. అందుకని ఆపరేటరు మిషను పక్కనుంచి కదలకుండా, నల్లద్దంలోంచి చూసుకుంటూ, కడ్డీని జరుపుతూ ఉండాలి. పైగా రెండు మిషన్లు. తెరమీద కుడివైపు మూలన చిన్న మచ్చ మెరిసిందంటే రెండో మిషను అందుకోవాలి. ఆలస్యమైతే కింద నేల టిక్కెట్టువాళ్ళ ఈలలు!

"నాన్నా, సినిమా ఎలా ఉంది?" అని అడిగితే, "ఆపరేటరు కార్బన్ చూస్తాడ్రా, సినిమా చూడ్డు" అనేవాడు.

ఇంకొకటి కూడా చూసేవాడు. సీసా. మాటినీకి మొదలెడితే సెకండ్ షో అయ్యేసరికి మెట్లు దిగడానికి ఒకరి భుజం కావాల్సి వచ్చేది. ఆ భుజం ఇంటర్వెల్లో సమోసాలు అమ్ముకునే కుర్రాడిది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నాన్నని "ఆపరేటర్ బాబాయ్" అని పిలిచేవాడు. రోజూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చి నాన్న క్యారేజీ పట్టుకెళ్ళేవాడు. వచ్చినప్పుడల్లా నాకో సమోసా. నేనతన్ని సమోసా అన్న అనేవాణ్ణి.

1998 వేసవి. అమ్మ మెడలోని రెండు కాసుల గొలుసు తీసి గూట్లో పెట్టి స్నానానికి వెళ్ళింది. నేను మంచంమీద పడుకుని ఉన్నాను. నిద్రపోవడం లేదు. నాన్న వచ్చాడు, గూట్లో చెయ్యి పెట్టాడు, గొలుసు లుంగీ మడతలో దోపుకున్నాడు, వెళ్ళిపోయాడు. పది నిమిషాల తర్వాత సమోసా అన్న క్యారేజీ కోసం వచ్చాడు.

సాయంత్రం అమ్మ ఏడుపు. నాన్న దొంగ ఫలానా అని ఒక్క మాట కూడా అన్లేదు. "మధ్యాహ్నం ఇంటికి వచ్చిందెవరు?" అని మాత్రం అడిగాడు. అంతే. మిగిలిన పని ఊరు చేసింది. హాల్లో సమోసా అన్నని కొట్టారు. పని పోయింది. అతను ఏడ్చి ఒట్లు పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ పాలిచ్చే గేదెని అమ్మి, మూడు వేలు పట్టుకొచ్చి మా గడపలో కూలబడింది. "మిగతాది మెల్లిగా ఇచ్చుకుంటాం, పోలీసులదాకా వద్దు బాబూ" అంది.

ఆ మూడు వేలూ మా నాన్న తీసుకున్నాడు.

నేను తలుపు వెనకాల ఉన్నాను. నాకు పదేళ్ళు. నాన్న బెల్టంటే భయం. నోరు విప్పలేదు.

తెర కట్టిన రాత్రి

మాది పేరుకు క్రైస్తవ కుటుంబం. అమ్మ గుడికి వెళ్ళేది, నాన్న క్రిస్మస్ కేకుకి వెళ్ళేవాడు. 2000లో సిలువ ధ్యానాల రోజుల్లో గుడి ముందు తెరకట్టి 'కరుణామయుడు' వేస్తామన్నారు. ఎ. భీంసింగ్‌గారి దర్శకత్వంలో, విజయచందర్‌గారు క్రీస్తుగా 1978లో వచ్చిన ఆ చిత్రాన్ని హాళ్ళలో కంటే ఊళ్ళలో తెరలమీద చూసినవాళ్ళే మా వైపు ఎక్కువ. మిషను తిప్పడానికి రావలసిన మనిషి జ్వరంతో పడ్డాడు. అయ్యగారు నాన్నని పిలిచారు. నాన్న వచ్చాడు. రెండు గుక్కలు వేసుకునే వచ్చాడు.

అది పదహారు మిల్లీమీటర్ల చిన్న మిషను. కార్బన్లు లేవు, బల్బు ఉంటుంది. కేబిన్ లేదు, నల్లద్దం లేదు, జనం మధ్యలో బల్లమీద పెట్టారు. పదిహేనేళ్ళ సర్వీసులో నాన్నకి మొదటిసారి చెయ్యడానికి చేతిలో పనిలేకుండా పోయింది. చేసేదేముంది, తెరవైపు చూశాడు. చుట్టూ చాపలమీద ముసలమ్మలు ఏడుస్తున్నారు. సిలువ మోసే దృశ్యం వచ్చేసరికి నాన్న మిషను పక్కనే కూలబడ్డాడు. రీలు అయిపోయి తోక టపటపా కొట్టుకుంటున్నా లేవలేదు. అయ్యగారే వచ్చి స్విచ్చి ఆపారు.

ఆ రాత్రి తర్వాత నాన్న మళ్ళీ తాగలేదు. ఇది నేను అతిశయోక్తిగా చెప్పడం లేదు. ఒళ్ళు వణికింది, మూడు వారాలు నిద్రపోలేదు, అన్నం సహించలేదు... అయినా ముట్టుకోలేదు. ఆదివారం గుళ్ళో లేచి సాక్ష్యం చెప్పాడు. తాగుబోతునని, భార్యని కొట్టేవాణ్ణని, ప్రభువు తనని లేవనెత్తాడని. జనం స్తోత్రాలు చెప్పారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను మాత్రం గొలుసు మాట కోసం చూశాను. అది రాలేదు.

మర్నాడూ రాలేదు, మరుసటేడూ రాలేదు. ప్రతి ఏడూ సిలువ ధ్యానాల్లో నాన్న సాక్ష్యం ఉండేది. చెప్పగా చెప్పగా బాగా చెప్పడం కూడా వచ్చింది. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో తెలిసిపోయింది. ఆ సాక్ష్యంలో సీసా ఉంది, అమ్మ కన్నీళ్ళున్నాయి, నా చినిగిన చొక్కా ఉంది. సమోసా అన్న లేడు. అతను అప్పటికే ఊరొదిలి వెళ్ళిపోయాడు.

వయసొచ్చినకొద్దీ నాకు కడుపు మండిపోయేది. ఇదేం మార్పు? తాగుడు మానితే సరా? కోపం వస్తే కంచం విసరడం అలాగే ఉంది. దేవుడు మార్చాడంటున్నారే, ఆ మాత్రం దేవుడికి మూడు వేల సంగతి తెలియదా? డిగ్రీ అయ్యాక హైదరాబాదు బస్సెక్కినప్పుడు గుడి, సాక్ష్యాలు, నాన్న... అన్నీ ఒకే మూటగట్టి ఊళ్ళోనే వదిలేశాననుకున్నాను.

ఓడ దిగని కెప్టెను

పత్రికలకి రాసుకు బతికేవాడికి ఏ పని దొరికితే అదే. 2010లో క్రిస్మస్ సంచిక కోసం 'అమేజింగ్ గ్రేస్' అనే ఇంగ్లీషు పాట గురించి రాసిమ్మన్నారు. అదే పేరుతో 2006లో మైకేల్ ఆప్టెడ్ దర్శకత్వంలో ఒక చిత్రం కూడా వచ్చింది. డీవీడీ తెచ్చుకుని చూశాను. బానిసల వ్యాపారాన్ని ఆపించడానికి బ్రిటిష్ పార్లమెంటులో పోరాడిన విల్బర్‌ఫోర్స్ కథ అది. ఆ పాట రాసిన జాన్ న్యూటన్‌గా ఆల్బర్ట్ ఫిన్నీ వేశాడు. ఉండేది కొద్ది సీన్లే. చూపు పోయిన ముసలితనంలో తన పాపాలు చెప్పి రాయించే సీనులో ఆయన్ని చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

న్యూటన్ కథ చాలామంది చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది: బానిసల ఓడల్లో తిరిగిన దుర్మార్గుడు, తుఫానులో చిక్కుకుని దేవుణ్ణి పిలిచాడు, బతికాడు, మారాడు, పాట రాశాడు. చూశారా, నాలుగు నిమిషాల లెక్క! తేదీలు వేసుకుంటూ చదివితే గాని అసలు సంగతి తెలియలేదు.

న్యూటన్ 1725లో లండన్‌లో పుట్టాడు. 1748 మార్చిలో 'గ్రేహౌండ్' అనే ఓడ అట్లాంటిక్ మహాసముద్రంలో తుఫానుకి పగిలింది. ఓడలో తేనెమైనం, తేలికపాటి కలప ఉండబట్టి మునగలేదు. ఇరవై రెండేళ్ళ న్యూటన్ గంటల తరబడి నీళ్ళు తోడి, తర్వాత చుక్కాని పట్టుకుని, ఏళ్ళ తరబడి తాను వెక్కిరించిన దేవుణ్ణి తలుచుకున్నాడు. బతికి ఒడ్డుకు చేరాడు. ఆ రోజుని చచ్చేదాకా మర్చిపోలేదు.

మరి ఆ తర్వాత? బానిసల ఓడే ఎక్కాడు! ముందు కెప్టెను కింద మేటుగా, తర్వాత 1750 నుంచి తానే కెప్టెనుగా మూడు ప్రయాణాలు చేశాడు. పైన బైబిలు చదువుకునేవాడు, నావికులకి ఆదివారం ప్రార్థన జరిపేవాడు. కింద చీకట్లో, ఆఫ్రికానుంచి కొన్న మనుషులు గొలుసులతో పడి ఉండేవారు. తిరుగుబాటు చేస్తారేమోనన్న అనుమానంతో పిల్లల బొటనవేళ్ళు ఇనప చట్రంలో బిగించి నిజం చెప్పించిన సంగతి కూడా తన రోజువారీ పుస్తకంలో తానే రాసుకున్నాడు. 1754లో సముద్రం మానేశాడు. మనస్సాక్షి మేలుకుని కాదు. హఠాత్తుగా జబ్బుచేసి పడిపోయాడు, అందుకని!

1764లో ఓల్నీ అనే ఊళ్ళో పాదిరీ అయ్యాడు. ఆ పాట 1773 జనవరి 1 నాటి ఆరాధన కోసం రాసింది. అప్పటికి తుఫాను వచ్చి పాతికేళ్ళు. అప్పటికీ బానిసల సంగతి బహిరంగంగా ఎత్తలేదు. 1785లో యువకుడైన విల్బర్‌ఫోర్స్ రాజకీయాలు వదిలేస్తానని వస్తే, వద్దు, అక్కడే ఉండి దేవుడి పని చెయ్యమన్నాడు. చివరికి 1788లో ఆఫ్రికా బానిసల వ్యాపారంమీద చిన్న పుస్తకం అచ్చువేశాడు. తాను చూసినవీ, చేసినవీ రాశాడు. ఈ ఒప్పుకోలు బాగా ఆలస్యంగా వస్తోందని తానే ఒప్పుకున్నాడు. పార్లమెంటు విచారణలో సాక్ష్యం కూడా చెప్పాడు. 1807 మార్చిలో బ్రిటన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో న్యూటన్ పోయాడు.

తుఫాను 1748లో. పుస్తకం 1788లో. మధ్యలో నలభై ఏళ్ళు!

"ఓడ ఎప్పుడు దిగాడ్రా?"

ఆ వ్యాసం రాసిచ్చి ఊరెళ్ళాను. అప్పటికి హాల్లో డిజిటల్ ప్రొజెక్షను వచ్చేసింది. రీళ్ళు లేవు, నాన్నకి పనీ లేదు. అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ఏం రాస్తున్నావని అడిగితే న్యూటన్ కథ చెప్పాను. కొంచెం కసిగానే చెప్పానని ఒప్పుకోవాలి. ప్రార్థన చేసుకుంటూ మనుషుల్ని అమ్మిన భక్తుడి కథ... ఎవరికి తగలాలో వాళ్ళకి తగలాలనే చెప్పాను.

నాన్న అంతా విని ఒక్కటే అడిగాడు.

"తుఫాను తర్వాత ఓడ ఎప్పుడు దిగాడ్రా?"

"ఆరేళ్ళకి."

"తనంతట తానేనా?"

"కాదు. జబ్బుచేసి."

నాన్న ఇంకేం మాట్లాడలేదు. చాలాసేపటికి, "దిగినాక ఎన్నేళ్ళకి చెప్పాడు?" అన్నాడు.

"ముప్ఫై నాలుగు."

ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. తెల్లవారుజామున మాటలు వినపడి మెలకువ వచ్చింది. వంటింట్లో దీపం వెలుగుతోంది. నాన్న నేలమీద కూర్చుని ఉన్నాడు. అమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. గొలుసు ఎక్కడ అమ్మాడో, ఎంతకి అమ్మాడో, ఆ మూడు వేలు ఎన్ని రోజుల్లో తాగేశాడో వరసగా చెబుతున్నాడు. అమ్మ ఒకే మాట అంది. "గొలుసు పోతే పోయింది. ఆ పిల్లాడండీ... ఆ పిల్లాడు!"

తర్వాతి ఆదివారం గుళ్ళో నాన్న లేచాడు. ఈసారి గొంతు తగ్గించడం, ఆగడం... అవేవీ లేవు. మాటలు ముద్దముద్దగా వచ్చాయి. "పదేళ్ళనుంచి మీకు సగం సాక్ష్యమే చెబుతున్నాను" అన్నాడు. ఎవరూ స్తోత్రం అన్లేదు. మా ముందు బల్లమీద ఒకాయన తల దించుకున్నాడు. కుర్రాణ్ణి హాల్లో కొట్టినవాళ్ళలో ఆయనొకడు.

అయ్యగారు ఆ రోజు రాసుకొచ్చిన ప్రసంగం పక్కనపెట్టి పేతురు గురించి చెప్పారు. యేసు ఎవరో తనకి తెలియదని పేతురు మూడుసార్లు బొంకింది చలికాచుకునే బొగ్గుల మంట దగ్గర. యేసు తిరిగి లేచాక సముద్రం ఒడ్డున అతన్ని కూర్చోబెట్టి, తనని ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగింది కూడా బొగ్గుల మంట దగ్గరే. యోహాను సువార్తలో రెండుచోట్లా ఆ మంట సంగతి రాసి ఉంది. దేవుడు మనిషిని క్షమించి వేరే దారిన పంపెయ్యడు, తప్పిపోయిన చోటికే వెనక్కి తీసుకొస్తాడు అన్నారు అయ్యగారు. అంతటి పేతురు కూడా తర్వాత అంతియొకయలో జనానికి భయపడి యూదులు కానివాళ్ళతో కలిసి భోంచెయ్యడం మానేస్తే, పౌలు నలుగురిలో నిలదీయాల్సి వచ్చింది. ఒక్కసారి మారితే అయిపోయే పని కాదన్నమాట.

గేదె ధర

సమోసా అన్న గుంటూరులో టిఫిన్ బండి పెట్టుకున్నాడని తెలిసింది. నాన్న డబ్బు కూడగట్టడం మొదలుపెట్టాడు. బైబిల్లో జక్కయ్య అని ఒక సుంకరి ఉన్నాడు. పొట్టివాడు. యేసుని చూడ్డానికి చెట్టెక్కాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఆ లెక్కన మూడు వేలకి పన్నెండు వేలు. నాన్న ఒప్పుకోలేదు. "మనం తీసుకుంది డబ్బు కాదురా, గేదె. గేదె ఇవాళ ఎంతుంటే అంత" అన్నాడు. సంతలో కనుక్కున్నాడు. ముప్ఫై వేలు చెప్పారు. ఉన్న సైకిలు అమ్మి, రైసు మిల్లులో నైట్ వాచ్‌మన్‌గా చేరి, ఎనిమిది నెలల్లో పోగుచేశాడు.

2011 ఆగస్టులో ఇద్దరం వెళ్ళాం. నేను స్కూటరు దగ్గరే నిలబడిపోయాను. నాన్న బండి దగ్గరికి వెళ్ళాడు. సమోసా అన్న గుర్తుపట్టాడు. చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. నాన్న చెప్పుకున్నాడు. ఆ రద్దీలో, బస్సుల హారన్ల మధ్య, పెద్ద గొంతుతో చెప్పుకోవలసి వచ్చింది. తింటున్నవాళ్ళు ప్లేట్లు పట్టుకుని విన్నారు.

సినిమా అయితే ఇక్కడ ఇద్దరూ కావలించుకోవాలి. అలాంటిదేం జరగలేదు. సమోసా అన్న అట్టు తిరగేశాడు. తర్వాత అన్నాడు: "ఈ మాట రెండేళ్ళ ముందు చెప్పుంటే మా అమ్మ వినుండేది బాబాయ్. నేను తియ్యలేదని ఆవిడ నమ్మిందో లేదో... నాకు చివరిదాకా తెలియలేదు."

నాన్న తలెత్తలేదు. సమోసా అన్న డబ్బు లెక్కపెట్టుకుని గల్లాపెట్టెలో వేసుకున్నాడు. అది నాకు నచ్చింది. వద్దని పక్కకి నెట్టి గొప్పవాడనిపించుకోలేదు. అది వాళ్ళమ్మ గేదె. తర్వాత బల్ల జరిపి, "కూర్చో బాబాయ్, టీ తాగు" అన్నాడు.

న్యూటన్ ఓడ అడుగున ఉన్నవాళ్ళ సంగతి కూడా ఇంతే కదా. ఆయన మారాడు. పాట నిలిచింది. చట్టం వచ్చింది. కానీ ఆ గొలుసుల్లో పోయినవాళ్ళు ఆ పాట వినలేదు. దేవుడి కృప గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి మర్చిపోతే ఆ కృప చవకబారు సరుకైపోతుందని నాకనిపిస్తుంది. క్షమాపణ దొరికినంత మాత్రాన బాకీ తీరదు. బాకీ తీర్చడానికి కాళ్ళకి బలం వస్తుంది, అంతే. ఆ 'అంతే' చిన్నదేం కాదు.

కంసాలి కుంపటి

ఇంకో రెండేళ్ళకి నాన్న అమ్మకి గొలుసు చేయించాడు. ఒకటిన్నర కాసే కుదిరింది. అమ్మ దగ్గర విరిగిన కమ్మలు, ముక్కుపుడక ఉంటే అవీ కలిపారు. కంసాలి దగ్గర నేనూ కూర్చున్నాను. పాత బంగారం మూసలో వేసి, వెలిగారం చల్లి, మంట ఊదుతున్నాడు. ఎర్రగా కరిగేసరికి పైన నల్లటి మడ్డి తేలింది.

"ఇంత మురికి ఎక్కడ్నుంచి వచ్చింది?" అన్నాన్నేను.

"వచ్చిందేముంది బాబూ, లోపల ఉన్నదే. కరగందే పైకి తేలదు" అన్నాడు కంసాలి. మంట ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమేనట. వేసి వదిలేసి పోవడానికి లేదట. కూర్చోవలసిందే.

బైబిల్లో మలాకీ అనే ప్రవక్త దేవుణ్ణి వెండి శుద్ధిచేసేవాడితో పోల్చాడు. అందులో ఆయన కూర్చుని ఉంటాడని రాసి ఉంది. అప్పుడుగాని నాకు తట్టలేదు. ఇన్నేళ్ళూ నేను నాన్నలో మురికి చూసి, ఈ మార్పు ఉత్తదే అనుకున్నాను. అది మంట రాజుకుంటోందనడానికి గుర్తు అయ్యుండవచ్చని అనుకోలేదు. తాగుతున్నన్నాళ్ళూ నాన్నకి ఆ గొలుసు గుర్తేలేదు. మారాకే అది లోపల రాపిడి పెట్టింది. పదేళ్ళు నొక్కిపెట్టాడు. చివరికి తేలింది. నాన్ననడిగితే ఇంకోలా చెబుతాడు. "కార్బన్ తనంతట తాను జరగదురా. పక్కన ఒకడు కూర్చుని జరపాలి. నా పక్కన ఆయన కూర్చున్నాడు" అంటాడు.

నాన్నకిప్పుడు డెబ్బై దగ్గరపడింది. కోపం పూర్తిగా పోలేదు. ఏడాదికోసారైనా కంచం విసురుతాడు. కాకపోతే ఇప్పుడు మెతుకులు తనే ఏరతాడు.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. మీరూ ముసలాయన మంచివాడయ్యాడని అనుకుని పేజీ తిప్పేవారు. కానీ ఒకటి మిగిలిపోయింది. 2011లో ఆ బండి దగ్గర, నేను స్కూటరు పక్కనే ఎందుకు నిలబడిపోయాను?

నాక్కూడా తెలుసు కాబట్టి. గూట్లోంచి గొలుసు తీసిన చెయ్యి చూసింది నేనొక్కణ్ణే. నాన్న సాక్ష్యంలో సమోసా అన్న లేడని పదేళ్ళు పళ్ళు నూరినవాణ్ణి, నా నోట్లో మాత్రం ఆ మాట ఏనాడూ రానివ్వలేదు. నాన్న ఓడ ఎప్పుడు దిగాడని లెక్కలు కట్టానే గాని, నేనూ అదే ఓడలో ఉన్నానని గుర్తించలేదు.

పోయిన నెల గుంటూరు వెళ్ళాను. ఒక్కణ్ణే. బండి పోయి ఇప్పుడు చిన్న గది వచ్చింది, నాలుగు బల్లలున్నాయి. రద్దీ తగ్గేదాకా కూర్చుని చెప్పాను.

సమోసా అన్న నవ్వాడు. "అప్పుడు నువ్వు చిన్నపిల్లాడివి తమ్ముడూ."

"పదేళ్ళప్పుడు చిన్నపిల్లాణ్ణే అన్నా. పద్దెనిమిదేళ్ళప్పుడు? పాతికేళ్ళప్పుడు?"

నవ్వు ఆగిపోయింది. చాలాసేపు బల్ల తుడిచాడు. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు. "నిన్ను ఆ రోజు మంచంమీద చూశాను. నిద్రపోతున్నావనుకున్నా" అన్నాడు. ఇంకేం అన్లేదు. క్షమించాననీ అన్లేదు, లేదనీ అన్లేదు. నేనూ అడగలేదు.

రెండు ఇడ్లీ పెట్టాడు. తిన్నాను. డబ్బులిస్తే తీసుకుని, చిల్లర లెక్కగా చేతిలో పెట్టాడు. లేచి వస్తుంటే వెనకనుంచి పిలిచి, కాగితంలో ఏదో చుట్టి ఇచ్చాడు. బస్సెక్కి విప్పి చూశాను.

సమోసా.